మాట్లాడుకోవడానికి కొన్ని అంశాలు

హిందూపురం,
2 మార్చి 2025

శ్రీమన్మహా చందనక్క గారి పాదపద్మాలకు,

తమ్ముడు ప్రవీణ్ సాష్టాంగపడి, ముక్కు నేలకు రాసి విన్నవించుకునే క్షమాపణ ఏమనగా: ఈ జాబు రాస్తున్నందుకు క్షమించు. అక్షరాలు కోడి కెలికినట్టున్నందుకు క్షమించు. అమ్మ ధర్మవరం పోయి నెల కావస్తున్నా ఇల్లు చక్కబెట్టలేకపోయినందుకు, మన జిల్లాలో వానలు సరిగ్గా పడనందుకు, నువ్వు ఎక్కాలనుకున్న రైలల్లా పెనుకొండలో ఆగకుండా పోతున్నందుకు, గొర్రెలు చెప్పిన మాట విననందుకు సకల బాధ్యతా నాదే. ఏ శిక్షకైనా సిద్ధం. వీటిలో ఒక్కటీ నేను చేసింది కాదు గనుకనే ఇంత ధారాళంగా ఒప్పుకోగలుగుతున్నాను.

జేబులో ఫోను పెట్టుకుని పాల వ్యాను తిరుపాల్ చేతికి జాబులిచ్చి పంపుకునే గతి పట్టడం మాత్రం నాయన పుణ్యం. బాలాజి మామ తన కొత్తింటి గృహప్రవేశం పిలుపును నీ ఫోనుకు వాట్సాప్‌లో పంపాడు. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాల్సినోడు ఫోన్లో బొమ్మ పంపుతాడా" అని నాయన ఆ ఫోనును తీసుకుపోయి బావిలో వేశాడు. అయినా అమ్మ ధర్మవరంలోని తమ్ముడి ఇంటికి బయల్దేరింది. "పోయేదానివి ఆడనే ఉండు" అన్నాడు నాయన. అమ్మ ఆడనే ఉండిపోయింది. ఇదంతా నీ కళ్ళ ముందే జరిగింది. అయినా మళ్ళీ రాస్తున్నాను ఎందుకంటే, కలశం బొమ్మ ఒకటి ఇంటిని రెండు ముక్కలు చేసిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నా సంగతికొస్తే, జెరాక్సు షాపు పైన ఉన్న మా స్పోకెన్ ఇంగ్లీషు సంస్థలో నాకు పదోన్నతి దొరికింది. అప్పర్ ఇంటర్మీడియట్ బ్యాచ్ అప్పగించారు. మాట్లాడటం వచ్చి, ఏం మాట్లాడాలో తెలియనివాళ్ళ బ్యాచ్ ఇది. వాళ్ళ ముందు రోజుకో అంశం పడేసి, వాళ్ళు వాదించుకుంటుంటే కుర్చీలో కూర్చుని తల ఊపడం నా ఉద్యోగం. నాయన ఊళ్ళో "మావాడు ఇంటరుకు లెక్చరరు" అని చెప్పుకుంటున్నాడట. దిద్దకు. ఆయనకున్న సంతోషాలే తక్కువ.

అసలు విషయం. ఏప్రిల్‌లో నువ్వు ఇక్కడికొచ్చి ఈ క్లాసులో చేరాలి, కార్ల ఫ్యాక్టరీ ఆఫీసు ఇంటర్వ్యూకు పోవాలి. అమ్మ రాకపోతే నువ్వు కదల్లేవు. నాయన నోరు తెరవకపోతే అమ్మ రాదు. కాబట్టి నా క్లాసు అంశాలు కొన్ని దీంతో పంపుతున్నాను. తెలుగులోకి మార్చి, అన్నం వడ్డించేటప్పుడు ఒక్కొక్కటిగా వెయ్యి. హిందూపురంలో నోరు మెదపని ఆడపిల్లలే వీటికి గలగలా మాట్లాడుతున్నారు. నాయన ఎంత!

ఇట్లు, తమ ఆజ్ఞాబద్ధుడు, అప్పర్ ఇంటర్మీడియట్ ఆస్థాన పండితుడు,
ప్రవీణ్


పెనుకొండ,
6 మార్చి

రేయ్ ప్రవీణూ,

నీ క్షమాపణలు గొర్రెలకు చదివి వినిపించాను. అవి కూడా నమ్మలేదు.

నీ ప్రశ్నలు వేశాను. మొదటి రోజు, సంగటి ముద్ద పెట్టి, నీకు బాగా నచ్చిన ప్రయాణం ఏది నాయనా అని అడిగాను. జ్వరం వచ్చిందేమోనన్నట్టు నా ముఖం చూశాడు. ముద్ద సగం అయ్యాక, కదిరి తిరునాళకు బండి కట్టుకుని పోయింది అన్నాడు. ఎవరితో పోయినావు అన్నాను. చెయ్యి కడుక్కున్నాడు. ఆ సగం ముద్ద కుక్కకు వేశాను.

రెండో రోజు, ఒంటరితనం పట్టణంలో ఎక్కువా పల్లెలో ఎక్కువా అన్నది వేశాను. "ఈ ప్రశ్నలు వాడు రాసినాడా?" అన్నాడు. అవునన్నాను. "దీనికి వానికి జీతం కూడా ఇస్తాండారా?" అన్నాడు. రోజంతా కలిపి ఆయన మాట్లాడింది అంతే. నీ బ్యాచ్‌లో అయితే మార్కులు వేస్తావేమో.

మూడోది నేను ఏరి మరీ అడిగాను. ప్రపంచంలో ఎవరినైనా మన ఇంటికి భోజనానికి పిలవచ్చు అంటే ఎవరిని పిలుస్తావు? అమ్మ పేరు చెప్పకపోయినా కనీసం తలైనా దించుకుంటాడని ఆశపడ్డాను. ఆయన గోడకేసి చూస్తూ, "పిలిస్తే వచ్చేటోళ్ళను" అన్నాడు.

అంటే ఏమిటి? పిలిస్తే అమ్మ రాదని భయమా, పిలవనే పిలవనని పంతమా? నువ్వు పండితుడివి కదా, అర్థం చెప్పు. నాకు మాత్రం ఈ ఇంట్లో నా గొంతు ఒక్కటే వినబడుతోంది. పాత్రలు కూడా మెల్లగా పెడుతున్నాను, ఎందుకో.

తిరుపాల్ హారన్ కొడుతున్నాడు.

చందన


హిందూపురం,
11 మార్చి

అక్కా,

"పిలిస్తే వచ్చేటోళ్ళను" అన్న వాక్యం మీద మూడు రోజులు పరిశోధన చేశాను. ఫలితం శూన్యం. దాంతో అంశాన్ని తరగతికే అప్పగించాను. ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే ముందు ఎవరు నోరు తెరవాలి? మన ఇంటి సంగతని చెప్పలేదు. మగవాళ్ళంతా ఆడవాళ్ళే అన్నారు, ఆడవాళ్ళంతా మగవాళ్ళే అన్నారు. అప్పర్ ఇంటర్మీడియట్ స్థాయి వాదనలు అలాగే ఉంటాయి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టే ఈశ్వరి అని ఒకమ్మాయి ఉంది. ఆమె మాత్రం లేచి, ముందు మాట్లాడినవాళ్ళు ఓడిపోయినట్టని ఇద్దరూ అనుకుంటున్నప్పుడు ఇక ఎవరూ మాట్లాడరు సార్, వాళ్ళ తరఫున ఇంకెవరో మాట్లాడాలి అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆదివారం ధర్మవరం పోయాను. మామ ఇంటి గుమ్మానికి మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి, తియ్యలేదు. అమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. రుక్మిణమ్మత్త అమ్మను బాగానే చూసుకుంటోంది. కానీ అమ్మ ఆ ఇంట్లో ఏ గిన్నె తీయాలన్నా ముందు అడుగుతోంది. అది చూడలేకపోయాను.

నా అంశాల్లోంచి ఒకటి అమ్మకూ వేశాను. జీవితంలో ఏదైనా నిర్ణయం మార్చుకునే అవకాశమిస్తే ఏది మార్చుకుంటావు? అమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"పిలుపు లేకుండా పోతే ఆ ఇంట్లో నాకేం మర్యాద ఉంటాది రా? ఒక్కసారి రమ్మనమను. కోపంగా అన్నా సరే. పెండ్లయినప్పట్నించి 'ఏమే' అనే గదా పిలిచేది. ఆ ఏమే అన్నా చాలు, లేచి వస్తా."

నాయన ఎట్లున్నాడని అడిగింది. ఆమె బెంగపడకూడదని, బ్రహ్మాండంగా ఉన్నాడు, మూడు పూటలా తిని మీసం దువ్వుకుంటున్నాడు అని చెప్పాను. ఆమె ముఖం ఎందుకో చిన్నదైంది. బస్సెక్కాక గానీ నాకు వెలగలేదు. ఈ మట్టిబుర్రకు ఏ బ్యాచ్‌లో చోటిస్తారో కనుక్కోవాలి.

నీ నిరుద్యోగ రాయబారి,
ప్రవీణ్


పెనుకొండ,
16 మార్చి

ప్రవీణ్,

మీసం దువ్వుకుంటున్నాడా? ఎప్పుడు చూశావు రా నువ్వు? ఆయన చొక్కా భుజాల మీద నిలవడం లేదు. గొర్రెలకు ముందు నీళ్ళు పెట్టి, ఆ తర్వాత అమ్మ వేసిన కనకాంబరం మొక్కలకు పోస్తున్నాడు. నేను చూస్తే చెంబు కింద పెట్టి దగ్గుతాడు. ఇవేవీ అమ్మకు చెప్పలేదు నువ్వు. నవ్వించబోయి నాయనను అమ్మ లేకపోయినా బతికే మనిషిని చేసి వచ్చావు.

ధైర్యం చేసి మొన్న సూటిగానే అడిగాను. అమ్మను రమ్మంటావా అని. "పోయినోళ్ళకు దారి తెలుసు" అన్నాడు. అంటే వాళ్ళకై వాళ్ళు రావాలనే కదా. నాకు ఏడుపొచ్చింది. పొయ్యి దగ్గర పొగ అని సాకు చెప్పాను, మనది గ్యాసు పొయ్యి అని తర్వాత గుర్తొచ్చింది.

నాకు ఓపిక అయిపోయింది. ఏప్రిల్ గురించి ఆలోచించడం మానేశాను. ఇంటర్వ్యూకు పెట్టుకున్న చీర మడతల్లో ఎలుక కొట్టింది, అదీ మంచిదే అనుకున్నాను.

గురువారం నాయన చింతపండు వేసుకుని హిందూపురం మార్కెట్ యార్డుకు వస్తున్నాడు. పని అయ్యాక నీ దగ్గరికి రమ్మని చెప్పాను. నువ్వు ఎగతాళి చేస్తావో, కాళ్ళే పట్టుకుంటావో నాకు తెలియదు. ఆయన నోట ఒక్క మాట పలికించు. ఇంక నా వల్ల కాదు.

చందన


హిందూపురం,
21 మార్చి

అక్కా,

చారిత్రక ఘట్టం. నాయన నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాడు.

తువ్వాలు నిండా చింతపండు దుమ్ముతో వచ్చాడు. పిల్లలంతా లేచి గుడ్ ఆఫ్టర్నూన్ సార్ అన్నారు. ఆయన కూడా లేచి నిలబడ్డాడు. నిన్నటి అంశం ఫోనులో ఒకరిని విందుకు ఆహ్వానించడం. ముందే అనుకున్నది, నమ్ము. ఒకరి వెనక ఒకరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, రండి, తప్పక రండి, మీరు రాకపోతే మాకు వెలితి అని ఇంగ్లీషులో పిలుచుకుంటున్నారు.

"ఈళ్ళంతా ఎవర్ని పిలుస్తాండారు?" అని అడిగాడు నాయన.

ఎవరినీ కాదు నాయనా, ప్రాక్టీసు అన్నాను.

"పిలవడానికి ప్రాక్టీసా," అని నవ్వాడు. పళ్ళు కనబడేలా నవ్వాడక్కా. ఎన్నాళ్ళయిందో.

బస్టాండులో టీ తాగించి, అమ్మను రమ్మను నాయనా అన్నాను. ఎగతాళి చేయలేదు, ఒట్టు. ఆయన గ్లాసు అడుగున మిగిలిన టీని నేల మీద వంచి, బస్సెక్కి, కిటికీలోంచి "చూద్దాంలే" అన్నాడు.

చూద్దాంలే! నాయన నిఘంటువులో దానికి అవునని అర్థమని నీకూ తెలుసు. నా టెన్తు తర్వాత సైకిలు అడిగినప్పుడు ఇదే అన్నాడు, వారంలో కొన్నాడు. నువ్వు డిగ్రీలో చేరతానన్నప్పుడూ ఇదే అన్నాడు.

ఇల్లు ఊడ్చి పెట్టుకో. రెండు రోజుల్లో శుభవార్త వింటావు. ఎట్లా అని నన్ను అడగవద్దు.

ఆనందబాష్పాలతో,
ప్రవీణ్


పెనుకొండ,
24 మార్చి

ప్రవీణ్,

అమ్మ వచ్చింది. పోయింది.

శనివారం సాయంత్రం, సంచి చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తలలో పూలు. ధర్మవరం నుంచి నాయనకు తువ్వాలు కూడా తెచ్చింది. నేను పరిగెత్తుకుపోయి సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ఆయన రానీ అంది. పెండ్లికూతురు మాదిరి గడప బయట నిలబడింది. నాయన గొర్రెలను తోలుకుని వచ్చాడు. ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు. ఆయన ముఖంలో ఏదో వచ్చింది, నేను చూశాను. సంతోషమే అనుకుంటా. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"ఎవురు రమ్మన్నారు?"

అమ్మ నవ్వింది, సరసమనుకుంది. "నువ్వే గదా. మార్కెట్ కాడ ఎవురిదో ఫోన్ అడుక్కోని చేస్తివే."

"నేనా? ఫోన్లోనా?" అన్నాడు. "ఫోన్లో పిలిచినాడని మీ తమ్ముని ఇంటి గడప తొక్కనోణ్ణి. నిన్ను ఫోన్లో పిలుస్తానా నేను?"

అమ్మ నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది. "పేరు పెట్టి పిలిస్తివే," అంది చాలా మెల్లగా.

"నిన్నా?" అన్నాడు నాయన.

అంతే రా. ఆ ఒక్క మాటకు అమ్మ లోపల ఏదో తెగిపోయింది. మంచినీళ్ళయినా తాగలేదు. వెనకాలే పరిగెత్తాను. బస్సెక్కేటప్పుడు, "పిలిచి, పిలవలేదనేవాణ్ణి ఎట్లా నమ్మేది చందనా? పిలవకపోయిన్నా బాగుండు," అంది. తువ్వాలు నా చేతిలో పెట్టి పోయింది.

ఇంటికొచ్చి నాయన ముఖం మీదే అన్నాను, నువ్వు అబద్ధాలకోరువి అని. చూద్దాంలే అని నీతో అన్న మనిషి, ఆ పూటే అమ్మకు ఫోను చేసిన మనిషి, ఆమె వాకిట్లో నిలబడేసరికి మీసం అడ్డమొచ్చి మాట మింగాడు. నేనంటుంటే తల వంచుకున్నాడు. తప్పు చేసినవాడే కదా అట్లా వంచుకునేది? తర్వాత, "ఉగాది ముందర నేనే ధర్మవరం పోయి పిలుద్దామనుకుంటి" అన్నాడు. ఇంకో అబద్ధం. ఎంత తేలిగ్గా వస్తోందో ఆయన నోట.

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, తనంతట తానే, "ఆ ప్రశ్నలు ఇంకేమన్నా ఉండాయా?" అని అడిగాడు. నేను గిన్నె అక్కడే పెట్టి బయటికి పోయాను. ఎంతసేపటికీ ఆయన చెయ్యి కడిగిన చప్పుడు వినబడలేదు.

శుక్రవారం నేనూ ధర్మవరం పోతున్నాను. అమ్మ దగ్గరే ఉంటాను. ఈయన, ఈయన గొర్రెలు ఇక్కడ ఉండనీ.

చందన


హిందూపురం,
26 మార్చి

అక్కా,

పోవద్దు. తిరుపాల్ ఈ జాబు నీకు గురువారమే ఇస్తానన్నాడు. ఇది చదివాక కూడా పోవాలనిపిస్తే పో, కానీ నాయన మీద కోపంతో పోవద్దు. ఆయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఉగాది ముందు పోయి పిలుద్దామనుకున్నది నిజమే అయ్యుంటుంది. చూద్దాంలే అంటే అదే. నేనే ఆగలేకపోయాను.

నిన్న నీ జాబు అందగానే ధర్మవరం పోయి జరిగినదంతా అమ్మకు చెప్పాను. నమ్మలేదు. "మీ నాయన చెప్పి పంపినాడా ఇట్లా అనమని?" అంది. చిన్నప్పటినుంచి అన్నీ ఎగతాళి మాటలే చెప్పినవాణ్ణి, ఎట్లా నమ్ముతుంది? అచ్చం నాయన మాదిరే మాట్లాడి వినిపిస్తానన్నాను. చెవులు మూసుకుంది. వెళ్ళిపో అంది. రుక్మిణమ్మత్త నన్ను గేటు దాకా తీసుకొచ్చి వదిలింది.

అక్కడి నుంచే తిరుపాల్‌కు ఫోను చేసి, గొర్రెల దగ్గరున్న నాయన చేతికి ఇప్పించాను. మొత్తం విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వెనకాల గొర్రెల గంటలు వినబడుతున్నాయి. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఫోన్లో ఉండేది నేనే అనుకోని ఏం మాట్లాడింది?"

నేను చెప్పలేకపోయాను. అది నాతో అన్నది కాదు, ఆయనతో అన్నది. నా నోటితో మళ్ళీ ఆయనకు ఎట్లా చెప్పేది? అందుకని నీకు రాస్తున్నాను. ఆయనకు చెప్పాలో, దాచుకోవాలో నువ్వే చూడు.

ఆ గురువారం నాయన ఎక్కిన బస్సు మలుపు తిరిగాక క్లాసుకు వచ్చాను. ఈశ్వరి ఫోను అడిగి తీసుకుని మేడ మీదికి పోయి రుక్మిణమ్మత్త నంబరు కొట్టాను. అమ్మకు ఇమ్మన్నాను. ఫోనులో నా గొంతూ నాయన గొంతూ ఒకటేనని నీకు వేరే చెప్పాలా? మార్కెట్ కాడ ఎవరిదో ఫోను అడిగి చేస్తాండా అన్నాను. ఏమే, రా ఇంటికి అని పెట్టేద్దామనే అనుకున్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనకూడదనుకున్నాను. కానీ అమ్మ గొంతు వినగానే నా నోట్లోంచి "నీలావతీ" అని వచ్చింది.

అమ్మ ఏమీ అనలేదు. లైను తెగిందేమోనని మళ్ళీ పిలిచాను. అప్పుడు నవ్వింది అక్కా, చిన్నపిల్ల మాదిరి.

"నా పేరు తెలుసునే నీకు," అంది. "నాకు నీ మీద కోపమేం లేదు. నువ్వు పిలిస్తే వద్దామనే కాచుకోని ఉండా. ఈడ నాకు నిద్ర పట్టల్యా. ఒకసారి బాగ తిట్టు నన్ను, తిట్టి రమ్మను. నువ్వు తిట్టక ఎన్నాళ్ళాయె."

రా అన్నాను. వస్తానంది. పెట్టేయబోతే, "పెట్టద్దు, ఉండు. ఇంకేమన్నా మాట్లాడు," అంది.

ఆమె కాచుకుంది. నాకు ఒక్క మాట దొరకలేదు. ఛార్జింగ్ అయిపోతాండాదని నాయన గొంతుతోనే చెప్పి పెట్టేశాను.

ప్రవీణ్